టీషర్టు మీది తేదీని రికార్డుగా తీసుకోవద్దని మనవి

విచారణాధికారి గారి సముఖమునకు, మచిలీపట్నం వాస్తవ్యుడు షేక్ ఆమిర్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సముద్రంలో గల్లంతైన బంగార్రాజు గారి ఫైలులో, నేను అద్దిన టీషర్టును సాక్ష్యంగా ఉంచిన సంగతి.

1. నేను ఇంటి ముందు గదిలో టీషర్టుల మీద చేత్తో బొమ్మలు అద్ది జీవిస్తున్నాను. మా నాన్నగారు కలంకారీ అద్దకం పనివారు. కాలేజీ బ్యాచ్‌లకు, కబడ్డీ జట్లకు, పుట్టినరోజులకు వేస్తాను. ఎవరైనా పోతే వారి ఫొటోతో స్నేహితులు వేసుకునే చొక్కాలు కూడా వేస్తాను. ఈ చివరి రకానికి దివిసీమ నుండి ఆర్డర్లు ఎక్కువ.

2. అవనిగడ్డ అవతలి పల్లెకు చెందిన బంగార్రాజు గారు ఏప్రిల్ 11న ఒక్కరే చిన్న మోటారు పడవలో వేటకు వెళ్లారు. ఆ సాయంత్రం ఫోను పలికింది. తర్వాత పలకలేదు. మనిషి గానీ, పడవ గానీ దొరకలేదు.

3. వెతకడం ఆపేశాక ఆయన స్నేహితుడు శ్రీకృష్ణ చొక్కాలకు ఆర్డరిచ్చాడు. ఫొటో, పేరు, కింద జననం, మరణం. మరణం దగ్గర ఏం వేయాలని అడిగాను.

"తేదీ ఎవడికి తెలుసు భాయ్? వెతకడం మానేసిన రోజు వెయ్యి. ఖాళీగా ఉంటే బాగోదు."

ఏప్రిల్ 22 అని వేశాను.

4. తమరి సిబ్బంది పల్లెకు విచారణకు వచ్చిన రోజున స్నేహితులందరూ ఆ చొక్కాలే వేసుకుని నిలబడ్డారు. సిబ్బంది తీసిన ఫొటో ఫైలులో చేరింది. ఏప్రిల్ 15 నుండి వేట నిషేధం గనుక, 22న మరణించిన వ్యక్తి నిషేధ కాలంలో వేటాడినట్టే అని, కుటుంబానికి సాయం వర్తించదని ఫైలులో వ్రాశారు.

5. నేను స్వయంగా తమరి కార్యాలయానికి వెళ్లి గుమాస్తా గారిని కలిశాను.

"తేదీ నేను రాశానా ఏంటండీ? మీవాళ్లే గుండెల మీద వేసుకుని తిరుగుతున్నారు."

"అది తప్పండీ."

"అయితే తప్పని రాసివ్వండి. అసలు తేదీ కూడా వెయ్యండి."

"నాకెలా తెలుస్తుందండీ?"

"తెలీకుండా మొదటిదెలా వేశారు?"

తప్పని వ్రాసివ్వాలంటే అసలు తేదీ చెప్పాలి. చెబితే అది నేను కల్పించిన రెండో తేదీ అవుతుంది. చెప్పకపోతే మొదటిదే నిలుస్తుంది.

6. చొక్కాలు వెనక్కిస్తే తేదీ మీద రంగు అద్దుతానని శ్రీకృష్ణతో అన్నాను. "ఇప్పుడు మారిస్తే దొంగలెక్క అంటారు, ఊరుకో" అన్నాడు. ఉతికితే పోయే రంగు కాదు.

7. బంగార్రాజు గారి భార్య సూర్యకుమారి గారిని కలిసి క్షమించమన్నాను.

"ఆయన పోయాడని నీకెవరు చెప్పారు అబ్బాయ్? కాయితం కోసం నేను అవునన్నాను. పిల్లల్ని చదివించుకోవాలి గదా. నువ్వు అనమాక" అన్నారు.

తమరి కార్యాలయం తేదీ వ్రాయమంటుంది. ఆవిడ ఏ తేదీ వద్దంటారు. నాకు దారి తోచడం లేదు.

8. మొన్న గుడివాడ నుండి ఒకాయన కూతురి పుట్టినరోజుకు చొక్కాలు అడిగారు. జనన ధ్రువీకరణ పత్రం తెమ్మన్నాను. ఆయన మళ్లీ ఫోను ఎత్తలేదు.

కావున ఫోను చివరిసారి పలికిన రోజును తమరే విచారించి ఆధారంగా తీసుకోవాలని, మరణ తేదీ వ్రాసివ్వమని నన్ను అడగకుండా ఉత్తర్వులు ఇప్పించాలని ప్రార్థన. ఈ సంగతులు చిత్తగించి, చొక్కాను చొక్కాగానే ఎంచవలెను.

తమ విధేయుడు,
షేక్ ఆమిర్

తా.క.: ఇక్కడి నుండి ఫైలులో చేర్చవద్దు. అర్జీ ముగించేసరికి సూర్యకుమారి గారు బస్సు దిగి వచ్చారు. ఒక టీషర్టు కావాలన్నారు. అదే ఫొటోనా అని అడిగాను.

"తన మొహం తనే వేసుకుని తిరుగుతాడా ఎవడైనా? పడవ బొమ్మ వెయ్యి."

సైజు అడిగాను.

"ఎక్సెల్ వేసుకునేవాడు. ఎల్ ఇయ్యి. చిక్కిపోయుంటాడు."

ఆర్డరు తీసుకున్నాను.