జామాకు కాపాడిన ఇనుము

ఆగస్టు 12, మంగళవారం.
అబ్బాయికి దీవెనలు. నీ కూతురి చదువు మాన్పించి తీసుకురమ్మన్నావు కదా, ఆ సంగతే రాస్తున్నాను. నిన్న దాని ప్రయోగశాలకు వెళ్లాను. ఒకే బరువున్న రెండు ఇనుప రేకులను రెండు గ్లాసుల యాసిడ్‌లో విడివిడిగా ఆరు గంటలు ఉంచింది. రెండో గ్లాసులో మాత్రం జామాకు కషాయం కలిపింది.

"ఆకు పసరు ఇనుమును కాపాడుతుందా? నా చెవిలో పువ్వులు పెట్టకే!" అన్నాను.

"నువ్వే తూచు నానమ్మా, నన్నెలాగూ నమ్మవుగా!" అంది.

మూడుసార్లు తూచాను. మొదటి రేకు నలభై మిల్లీగ్రాములు తరిగింది, రెండోది నాలుగే. ఆకు సారం కంటికి కనిపించని పొరలా ఇనుమును అంటుకుందట. ఇన్నేళ్లూ ఆ ఆకులను ఊడ్చి పారబోశాను.

కోడలి మోకాలి నొప్పి తగ్గిందా?

ఇక జరగవలసినవి:
1. పెరట్లో జామచెట్టు కొట్టించవద్దు.
2. కిలో ఆకులు నీడన ఆరబెట్టి పంపు. తూకం కోడలే వెయ్యాలి, నువ్వు కాదు; నీ తూకం నేను నమ్మను.
3. పిల్ల టికెట్ రద్దు చెయ్యి. శుక్రవారం నేనొక్కదాన్నే దిగుతాను.

అమ్మ