బావి మెట్ల మీద

నర్సంపేట మండలం
12 మే 1986

ప్రియమైన సారలకు,

నువ్వూ మొగిలి బావా మగ్గాల పనికి భివండి వెళ్లి నెల దాటింది. నువ్వే ముందు రాయాలని అలిగి కూర్చుందామనుకున్నాను గానీ, ఈ వార్త నా కడుపులో ఆగడం లేదు. నన్ను మన ఊరి ఆరోగ్య కార్యకర్తగా తీసుకున్నారు! నువ్వు వెళ్లాక ఏడో తరగతి చదివిన ఆడదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను మరి.

వరంగల్‌లో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. భూతద్దంలో చూపించారు సారలా, మనం తాగే నీళ్లలో నలకంత పురుగులు ఈదుతున్నాయి! నారికురుపు వేడి చేసో, శాపం తగిలో రాదట. కురుపున్న మనిషి నీళ్లలో కాలు పెడితే కురుపులోని పురుగు పిల్లల్ని వదులుతుంది, వాటిని ఈ నలకలు మింగుతాయి. ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి కాలు చీల్చుకుని పురుగు బయటికొస్తుంది. రెండేళ్లుగా వానల్లేవు, చెరువెండింది. ఊరంతా దిగుడుబావి అడుగు నీళ్లలోకే దిగుతున్నాం. ఇంటికొకరు మంచాన పడ్డారంటే పడరా? దీనికి మందు లేదు గానీ, దట్టమైన బట్టలో వడపోసుకుంటే అసలు రానే రాదట. ఇంత చిన్న పని!

మీ అత్త కట్టమ్మకు చెబితే నవ్వింది. "మా అవ్వల కాలం నుంచి గివే నీళ్లు తాగుతానం. మూడొద్దులు వరంగల్ పోయొచ్చి మాకు నీళ్లు తాగుడు నేర్పుతానవా?" అంది.

నేను చిన్నబుచ్చుకోలేదు. ఊరు విడిచి వలసపోయిన ముప్ఫై ఇద్దరి పేర్లు రాసుకున్నాను. అందరూ నిరుడు ఈ నీళ్లు తాగినవాళ్లే. మీ కాళ్లు చూసుకోండి. ఎవరికైనా బొబ్బ లేస్తే మంట ఆగక నీళ్లలో ముంచబుద్ధవుతుంది. ముంచనివ్వకు.

కాలు నిలవకుండా తిరుగుతున్న,
నీ అనసూయ

భివండి
20 జూన్ 1986

ప్రియమైన మా డాక్టరమ్మకు,

కాజీపేటలో ఎక్కినప్పటి నుంచి రైలు కిటికీ వదిలితే ఒట్టు! పుణె దాటాక రైలు కొండ కడుపులోకి దూరింది. అంతా చీకటి. బోగీలో వాళ్లందరితో కలిసి నేనూ కేకలేశాను. ఇక్కడ మగ్గాల చప్పుడుకు మాట వినబడదు, అందరం అరుచుకుంటూనే మాట్లాడుకుంటాం. నేను నూలు కండెలు చుడుతున్నాను. మీ బావ బట్టల మూటలు మోస్తున్నాడు.

మా వరసలో నలభై గదులు. అన్నీ వరంగల్, పాలమూరు నుంచి వచ్చినవాళ్లవే. వెనకాలే మెట్లున్న పాత బావి ఉంది, నిండుగా నీళ్లు. చేద వేసే పని లేదు, దిగి ముంచుకోవడమే.

మా కాళ్లకేమీ కాలేదు. మీ బావకు కాలు బెణికి రెండు రోజులుగా ఇంట్లో ఉన్నాడు, అంతే. నువ్వు ఫికర్ పెట్టుకోకు.

తొందరలో,
సారల

నర్సంపేట మండలం
3 ఆగస్టు 1986

ప్రియమైన సారలకు,

నీళ్లు పడ్డాయి! మన వాడకట్టులో బోరు పడింది! ఆ రోజు పొద్దుటి నుంచి లారీ మిషను దుమ్మే కక్కింది. మధ్యాహ్నానికి మిషనాయన ఆపేస్తానన్నాడు. "ఇంకొక్క పైపు దించు బిడ్డా" అని మీ అత్తే అతని చేతులు పట్టుకుంది. ఆ పైపుకే నీళ్లు ఎగజిమ్మాయి! బురదలో తడిసి అందరం గంతులేశాం. వారం తిరగకుండా చేతిపంపు బిగించారు. మొదటి బిందె మీ అత్తే కొట్టింది. కొట్టి, "గీ నీళ్లు నా కొడుకు తాగకపాయె" అని ఏడ్చింది.

వానలు కూడా మొదలయ్యాయి. ఇంక వచ్చెయ్యండి.

నీ ఉత్తరం తర్వాత నేను రాసిన రెండింటికీ జవాబు లేదేం? బెణికింది ఏ కాలు? ఎక్కడ? నిజం రాయి.

ఎదురుచూస్తూ,
అనసూయ

భివండి
14 సెప్టెంబరు 1986

ప్రియమైన అనసూయకు,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. మీ బావ కాలు బెణకలేదు. ఆ ఉత్తరం రాసే నాటికే చీలమండ మీద బొబ్బ లేచింది. తెలిస్తే పనిలోంచీ గదిలోంచీ వెళ్లగొడతారని నీ దగ్గర కూడా దాచాను.

ఉత్తరం డబ్బాలో వేసిన మరునాడు పొద్దున, మంట ఆగక గోడ పట్టుకుని బావి వైపు నడిచాడు. నేను ముందుకురికి పై మెట్టు మీద అడ్డంగా కూర్చున్నాను.

"జరుగు సారలా, కాలు కాలిపోతాంది! ఒక్కసారి ముంచి తీస్త."

"ముంచితే నలభై ఇండ్లు మంచాన పడ్తయ్. నన్ను తొక్కుకుంట పో!"

అక్కడే కూలబడి ఏడ్చాడు. బకెట్‌తో నీళ్లు తెచ్చి, బావికి దూరంగా ఎండిన నేల మీద కూర్చోబెట్టి కాలు మీద పోశాను. ఈలోగా జనం చేరారు. మా వరసకు పెద్దమనిషి యాకయ్య, మన జిల్లావాడే, నీళ్లకని బిందె పట్టుకునే వచ్చాడు. "అంటురోగం! ఎల్లగొట్టుండ్రి గీళ్లను!" అని అరిచాడు.

గదిలోకి వెళ్లి నీ ఉత్తరం తెచ్చాను. అందరికీ వినబడేలా గట్టిగా చదివాను. "ముంచనివ్వకు" అన్న దగ్గర యాకయ్య చేతిలో బిందె కింద పెట్టేశాడు. మెల్లగా ధోవతి పైకి లాగాడు. అనసూయా, అతని పిక్క మీద కూడా బొబ్బ! ఇంకా పగల్లేదు. రోజూ ఆ కాళ్లతోనే బావిలోకి దిగుతున్నాడు. ఆ ఒక్క పూట ఆలస్యమైతే ఏమయ్యేదో!

ఇక్కడి డాక్టరు ఈ రోగం ఎన్నడూ చూడలేదట. నీ ఉత్తరం హిందీలో చెప్పించుకుని రాసుకున్నాడు. మీ బావ కాలిలోని పురుగును పుల్లకు చుట్టి రోజుకింత లాగుతూ, ఐదు వారాలకు మొత్తం తీశాం. మెట్లకు అడ్డంగా గోడ కట్టి గిలక బిగించాం. యాకయ్య తన కురుపు మానేదాకా గది ముందు కూర్చుని అందరికీ వడపోత బట్టలు కుట్టి ఇచ్చాడు. పుండు మాని, మీ బావ నిన్నటి నుంచి మళ్లీ పనికి నడిచి వెళుతున్నాడు!

రమ్మని రాశావు. మనసంతా అక్కడే ఉంది. కానీ మొన్న మన వైపు నుంచి పదకొండు మంది వచ్చారు. మూటలు దించకముందే వరసగా నిలబెట్టి కాళ్లు చూశాను. ఒక్కరికీ లేదు! ఆ సంతోషంలో పదకొండు మందికీ చాయ్ పోశాను. ఆదివారం ఇంకో ఆరుగురు వస్తున్నారట. వాళ్లు వచ్చేసరికి నేను ఇక్కడ ఉండాలి.

మీ బావ దసరాకు ఒక్కడే వస్తున్నాడు. అత్త చేత అతనికి బోరు నీళ్లు తాగించు.

నీ దోస్తు,
సారల