గెడపోయినోడు

దీవి నుంచి,
1962 నవంబరు 6

అన్నా,

నువ్వు సూళ్లూరుపేటలో క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేము బాగాలేము. నాకు ఎనిమిదో నెల. పోయిన శుక్రవారం ఊరి పెద్ద కామాక్షయ్య మనుషులు వచ్చి మా పడవ తోసే గెడ తీసుకుపోయారు. సరస్సులో నీ వంతు రోజున నీ చోట మీ బావ వల వేశాడని మన ఊరి గంగాధరం ఫిర్యాదు చేశాడు. పంపింది నేనే. నువ్వు బియ్యం మిల్లులో చేరి రెండేళ్లయింది, నీ వంతు ఊరికే పోతోందనుకున్నాను. పెద్దలు పాతిక రూపాయలు తప్పు కట్టమన్నారు. పెళ్లాం అన్నగారి చోట వల వేస్తే తప్పేమిటని మీ బావ మొండికేశాడు.

అప్పటినుంచి ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు లేరు. గెడపోయినోడు అంటున్నారు. చిన్నప్పుడు నన్ను ఏడిపించడానికి నువ్వూ ఆ మాట అనేవాడివి. ఉత్త తిట్టే అనుకున్నాను. మంత్రసాని గురవమ్మను అడిగాను. వంతు తప్పినవాడికీ, తప్పు బాకీపడినవాడికీ ఒకటే శిక్షట. గెడ తీసేస్తారు, ఎవరూ తమ పడవ ఎక్కించుకోరు.

"మా అవ్వ కాలంలో మొదట ఒకడికి తీసినారు పాపా. పెళ్లానికి నొప్పులొస్తే ఒక్కరూ దాటించలా. పడవలో పండబెట్టుకోని చేతుల్తో నీళ్లు తోసుకుంటా పొయినాడు. మూడోనాడు పడవొకటే ఒడ్డుకొచ్చింది. ఆ మాట ఆడ పుట్టింది" అన్నది.

చెప్పి, తాను కూడా ఇక మా గుమ్మం తొక్కకూడదని లేచి వెళ్లిపోయింది. నాకు భయంగా ఉంది అన్నా.

నువ్వు వచ్చి, పోలేరమ్మ ముందు గెడ పట్టుకుని, వంతు నాది, క్షమించాను అని ప్రమాణం చేస్తే చాలని కామాక్షయ్య అన్నాడు. త్వరగా రా. ఈశాన్యం గాలి మొదలైంది. మీ బావ పడవలో గడ్డి పరుస్తున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

నీ చెల్లెలు
చెంచులక్ష్మి

సూళ్లూరుపేట,
నవంబరు 11

చెల్లీ,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. నేను ప్రమాణం చేయలేను. ఆ వంతు నాది కాదు. మిల్లులో పని ఇప్పించినవాడికి ముట్టజెప్పడానికి దాన్ని గంగాధరానికి రహస్యంగా అమ్ముకున్నాను. వంతు అమ్మడం మన దీవిలో అన్నిటికన్నా పెద్ద తప్పని తెలిసే అమ్మాను. నీ కడుపులో బిడ్డ ఉండగా పోలేరమ్మ ముందు అబద్ధమాడడానికి నాకు ధైర్యం చాలదు.

ఈ ఉత్తరం కామాక్షయ్యకు చదివి వినిపించు. అమ్మిన వంతు మీద పడిన తప్పులన్నీ అమ్మినవాడివే. బావ గెడ తిరిగి ఇచ్చేస్తారు. దానికి బదులు మన ఇంటి చూరులో ఉన్న నాన్న గెడ తీసుకుపొమ్మను. అది నాది. ఇక నన్ను ఎవరూ దాటించరు. నీ కానుపుకు రాలేను. బిడ్డను చూడలేను. ఏడుపు వస్తోంది, అయినా రాస్తున్నాను.

నీళ్లు లేస్తున్నాయి, రేపు వెళ్లనని తపాలా పడవవాడు అంటున్నాడు. కాళ్లు పట్టుకునైనా పంపిస్తాను. అందగానే గురవమ్మను పిలిపించుకో. బావను పడవలో గడ్డి తీసేయమను.

బిడ్డ పెద్దయి, మేనమామ ఎందుకు రాడని అడిగితే, ఆ మాటకు అర్థం నువ్వే చెప్పు.

ఇట్లు,
గెడపోయినోడు
మస్తానయ్య