ఎడమకాలి ఆలస్యం

నా క్రేనమ్మకి,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇంట్లో అందరం కులాసా. అందరం అంటే నేనూ, మీ నాన్నా. ఫోన్ ఉండగా ఈ మనిషికి కాగితంతో పనేమొచ్చిందా అనుకుంటావు. ఫోన్లో నేను మూడు ముక్కలకు మించి మాట్లాడలేనన్నది నీకు తెలిసిందే. ఫోన్ మోగగానే మామయ్య లౌడ్‌స్పీకర్ నొక్కి, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంటాడన్నది అసలు సంగతి. ఇది ఆయన వినకూడని మాట.

పోయిన ఆదివారం ఆయన నీకు పంపించిన వీడియో ఉందే, నల్లటి తెర మీద తెల్లని గీతల మనిషి తిన్నగా నడిచి వెళ్ళేది, అది నిజం కాదు. మామయ్య అలా నడవలేదు. ఆయన కాలు బాగవలేదు. నువ్వు ఫోన్లో "నిజంగా నాన్నేనా బావా?" అని అడిగితే నేను "ఊఁ" అన్నాను. ఆ "ఊఁ" కూడా అబద్ధమే.

మొదటి నుంచీ చెప్తాను. రోజువారీ జమాఖర్చు రాసుకోవడమే తప్ప ఇంత పొడుగు రాసిన అలవాటు లేదు. తడబడితే సర్దుకో.

మా వర్క్‌షాపులో ఏం తయారవుతోందో నీకు కొంత తెలుసు. నడక దెబ్బతిన్నవాళ్ళని ఆసుపత్రిలో ఒక హాల్లో నడిపిస్తారు. అలాంటి హాలే మా దగ్గరా ఒకటుంది, ఇటు గోడకి ఒక కెమెరా, అటు గోడకి ఒక కెమెరా. ఒకటి ఎడమ పక్క చూస్తుంది, ఇంకోటి కుడి పక్క చూస్తుంది. ఆ రెండు బొమ్మలనీ కలిపి మా ప్రోగ్రామరు ఒక గీతల మనిషిని గీయిస్తుంది. అందుకే ఆవిడని గీతలమ్మ అంటాం. ఏ కీలు ఎప్పుడు ఎంత వంగిందో ఆ గీతల్లో డాక్టరుకి కనిపిస్తుంది. ఇందులో నా వాటా కాలం. రెండు కెమెరాల గడియారాలూ ఒక్కలా నడవాలి. లేకపోతే ఎడమకాలు ఇందాకటిదీ కుడికాలు ఇప్పటిదీ అయిపోయి, మనిషి తనని తానే తరుముకుంటున్నట్టు ఉంటాడు.

ఇందుకు లోకమంతా వాడే పద్ధతి ఒకటుంది. కెమెరా వైరు వెంట మధ్యలో ఉన్న పెట్టెని టైమెంతని అడుగుతుంది. పెట్టె చెబుతుంది. ఆ జవాబు వచ్చేలోపు కాస్త కాలం గడిచిపోతుంది కదా, పోనూ రానూ పట్టిన దాన్లో సగం కలుపుకుని కెమెరా తన గడియారం దిద్దుకుంటుంది. అదే చేశాం. అయినా ఎడమ కెమెరా ఎప్పుడూ రవ్వంత వెనకబడే ఉండేది. వైర్లు మార్చాను. కెమెరాలు మార్చాను. అయినా అంతే.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. నడిచేవాడి అడుగులనే గడియారం చేసుకుంటే? ఎవరు నడిచినా ఒక అడుగు తర్వాత ఇంకో అడుగు సమంగా పడుతుంది. ఎడమ అడుగు ఆలస్యంగా కనిపిస్తే ఎడమ కెమెరా ఆలస్యమైనట్టు. దాన్ని అంత మేరకు ముందుకు జరిపితే సరి. గీతలమ్మ నడిచింది, నేను నడిచాను, టీ తెచ్చిన ఆవిడని కూడా నడిపించాం. బొమ్మ అచ్చు గుద్దినట్టు కుదిరింది. "ఇన్నాళ్ళూ నోటికి తాళం వేసుకుని మీరు ఆలోచించింది ఇదా!" అంది గీతలమ్మ. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. నీకు చెప్పలేదు గానీ.

ఆదివారం మామయ్య ఇంట్లో తోచక నా వెంట వచ్చాడు. వస్తూనే, "ఏం చేస్తార్రా అల్లుడూ ఇక్కడ? ఊరికే నడిపిస్తారా? నడవడం నేర్పడానికి ఇంతమంది కావాలా?" అని మొదలుపెట్టాడు. గీతలమ్మ నవ్వి, "మీరూ ఒకసారి నడవండి బాబాయిగారూ" అంది. నడిచాడు. తెర మీద గీతల మనిషి తిన్నగా, సమంగా, పెళ్ళికొడుకులా నడిచాడు.

మామయ్య నోట మాట రాకపోవడం నేను పుట్టాక అదే చూడటం. తెర దగ్గరికి వెళ్ళి వేలితో ఆ గీతని తాకాడు. "ఒరేయ్, ఇది నేనేరా. పరంజా మీంచి పడకముందు నేను" అన్నాడు. గీతలమ్మ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. "మా అమ్మాయికి పంపించమ్మా, కాలు బాగైందని రాయి" అని ఆయన అంటుంటే చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక మెట్లెక్కుతూ ఆయన వెనక నేనున్నాను. కుడికాలు పైమెట్టు మీద పడింది. ఎడమకాలు ఆగి, ఆలోచించుకుని, అప్పుడు వచ్చింది. ఆ ఆలస్యాన్నే నేను పొద్దున తెర మీద ముందుకు జరిపేశానని అప్పుడు తెలిసింది. ఆయన కుంటుని కెమెరా తప్పు కింద లెక్కగట్టి దిద్దేశాను.

ఇంతటితో అయిపోతే నవ్వుకునేవాళ్ళం. కుడి తుంటి ఈమధ్య సలుపుతోందని ఆయన నీ దగ్గర దాచాడు, నీ క్రేను ట్రైనింగ్ మానుకుని వచ్చేస్తావని. ఎంతో బతిమాలితే డాక్టరు దగ్గరికి వస్తానన్నాడు. ఇప్పుడు ఆ డాక్టరమ్మకి ఫోన్ చేసి, "మా అల్లుడి కెమెరాయే కాలు బాగుందంది, ఇంక మీతో పనేముందమ్మా?" అని వద్దనేశాడు. ఈ యంత్రం ఆసుపత్రిలో పెడితే కుంటుకుంటూ వచ్చిన ప్రతివాడినీ బాగున్నావు పొమ్మంటుంది.

గీతలమ్మకి చెప్పాను. ఆవిడ "మీ ఉపాయం తీసేస్తే బొమ్మ అతకదు, ఉంచితే అబద్ధం. మరి ఏం పెట్టమంటారు?" అంది. ఆసుపత్రివాళ్ళు వచ్చే నెల చూడటానికి వస్తున్నారు. రావద్దని చెప్పించి, ఈ పని వదిలేసి, మళ్ళీ వైరింగ్ పనికి పోదామని నిర్ణయించుకున్నాను. కాకపోతే మామయ్యకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆ వీడియోని ఆయన రోజూ చూసుకుంటున్నాడు. పాలవాడికి కూడా చూపించాడు.

నీ
మూడుముక్కలాయన

* * *

బావా,

నువ్వు ఇన్ని పేజీలు రాశావంటే నిప్పంటుకుందేమో అనుకుని చదివాను. క్రేను క్యాబిన్లో కూర్చుని రెండోసారి చదువుతుంటే కింద నుంచి మా సూపర్‌వైజరు, "అమ్మా మహాతల్లీ, కంటైనరుని గాల్లో ఆరేశావేంటి?" అని అరిచాడు. ఆ తిట్లు నీ ఖాతాలో రాసుకో.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ వీడియో అబద్ధమని చూసిన రోజే నాకు తెలుసు.

కాళ్ళు బాగానే దిద్దావు. చెయ్యి మర్చిపోయావు. గీతల మనిషి ఎడమ చెయ్యి చూడు. పడవలో తెడ్డు వేసినట్టు ప్రతి అడుగుకీ బయటికి పోతుంది. కాళ్ళు సమంగా పడేవాడికి ఆ చేత్తో పనేముంది? స్కూలుకి నేను ఆ చెయ్యి పట్టుకునే వెళ్ళాను బావా. అది బయటికి ఊగినప్పుడల్లా నేనూ ఊగేదాన్ని. నాన్నలందరూ పిల్లల్ని అలాగే ఊపుతారనుకునేదాన్ని. అయినా ఎందుకు ఊరుకున్నానంటే, ఫోన్లో నాన్న గొంతు అంత సంతోషంగా విని ఎన్నేళ్ళయిందో! నిన్ను అడిగింది కూడా నువ్వు ఏమంటావో చూద్దామనే. నువ్వు "ఊఁ" అన్నావు. ఇద్దరం కలిసే దొంగలమయ్యాం. తుంటి సంగతి తెలిసుంటే ఊరుకునేదాన్ని కాదు. దాని గురించి ఆయన్ని నేను కడుగుతాను, నువ్వు మధ్యలో రాకు.

ఇక పని వదిలేయడం గురించి. సిగ్గు లేదూ? రెండు నెలలు ఈ క్రేను ఎక్కలేక మెట్ల మీద కూర్చుని ఏడ్చినదానితో "కిందికి చూడకు, పై మెట్టు చూడు" అన్నది ఎవరు? మూడు ముక్కల్లోనే అన్నావనుకో.

నా దగ్గరా ఇలాంటిదే ఒకటి జరిగింది. పోయిన వారం ఒక పెద్ద ఇనుప దూలాన్ని రెండు క్రేన్లతో ఎత్తాం. ఒక కొస నాది, ఇంకో కొస మా సీనియర్‌ది. కింద నుంచి వాకీటాకీలో "ఎత్తు" అంటారు, ఇద్దరం ఒకేసారి ఎత్తాలి. ప్రతిసారీ నా కొస కిందే ఉండిపోతోంది. "ఆడవాళ్ళకి చెవులు పనిచేయవా?" అని ఒకడు కూశాడు. నా చెవులు బాగానే ఉన్నాయి. నా క్యాబిన్‌కి ఆ మాట రేడియో టవరు చుట్టూ తిరిగి ఆలస్యంగా వస్తోంది. కింద నుంచి "ఎత్తు" చెప్పే మా సిగ్నల్ తాత వాకీటాకీని జేబులో పడేసి, మా ఇద్దరికీ కనిపించే చోట దిమ్మె మీద నిలబడి చెయ్యి పైకెత్తాడు. దూలం నీళ్ళలో నీడలా చదునుగా లేచింది. ఆ కూసినవాడు టీ ఇప్పించాడు.

నాకు నీ వైర్ల గొడవ అర్థం కాదు. కానీ నీ రెండు కెమెరాలూ చూసే చోట ఒక చెయ్యి ఎత్తేవాడు లేడా? నడిచే మనిషిని చూసి కాలం దిద్దడమేమిటి, దూలాన్ని చూసి క్రేన్లు ఎత్తినట్టు?

నీ
క్రేనమ్మ

* * *

క్రేనమ్మ తల్లికి వేయి దండాలు,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఈసారి మాటలు లేక కాదు, ఎక్కువై.

నీ ఉత్తరం అందిన పూటే వర్క్‌షాపు హాలు మధ్యలో, పైకప్పుకి ఒక చిన్న దీపం బిగించాను. రెండు కెమెరాలకీ కనిపిస్తుంది. వెలిగి ఆరుతుంది, అంతే దాని పని. వెలుగు చుట్టూ తిరిగి రాదు. రెండు కెమెరాలూ దాన్ని ఒకే క్షణంలో చూడాలి. ఎడమది మాత్రం, చూసిన టైము వేరేగా చెప్పింది. ఎంత తేడానో తెలియడంతో ఈసారి గుడ్డిగా కాక, వైరు వెంట ఒక్కొక్క అడుగే వెళ్ళాను. ఎడమ కెమెరా ప్రశ్న పెట్టె దగ్గరికి తిన్నగా పోతోంది. జవాబు మాత్రం పక్క గదిలో కంప్యూటర్ల వైర్లన్నీ కలిసే ఒక పాత స్విచ్చి పెట్టెలోంచి, మిగతా రద్దీ అంతా పోయేదాకా క్యూలో నిలబడి వస్తోంది. పోవడం చిటికెలో, రావడం తీరిగ్గా. అందులో సగం తీసుకుని మేము గడియారం దిద్దుతున్నాం!

నేల మీద కూర్చుని నవ్వాను. గీతలమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏమైందండీ, షాక్ కొట్టిందా?" అంది. "వైరు కూడా కుంటుతోందండీ" అన్నాను. పోవడం రావడం సమానమని మేమనుకున్నాం. మామయ్య రెండు కాళ్ళూ సమానమని అనుకున్నట్టే. ఒకే తప్పు రెండు చోట్ల చేసి, ఒకదాంతో ఇంకోదాన్ని కప్పేశాం.

స్విచ్చి తీసి పారేయడం తేలిక. గీతలమ్మ వద్దంది. ప్రతి ఆసుపత్రిలోనూ ఇలాంటి పాత పెట్టెలు ఏ మూలో ఉంటాయి, ఎన్నని పారేస్తాం అంది. అందుకని, పోవడం ఎంత, రావడం ఎంత అన్నది దీపాన్ని చూసి కెమెరాలే నేర్చుకునేలా ఇద్దరం కలిసి రాశాం. రద్దీ పెరిగినా తగ్గినా అవే దిద్దుకుంటాయి. నడిచేవాడి అడుగు జోలికి పోవు.

ఇక మామయ్య. నువ్వు ఫోన్లో ఆయన్ని ఏం కడిగావో గానీ, లౌడ్‌స్పీకర్ పెట్టకుండా విన్న మొదటి ఫోన్ అదే. తర్వాత నా దగ్గరికి వచ్చి ఎడమ చెయ్యి చూసుకుంటూ, "ఇది నిజంగా అలా పోతుందా?" అని అడిగాడు. పోతుందన్నాను. "నాకెవరూ చెప్పలేదేంరా?" అన్నాడు. కాసేపయ్యాక, "బొమ్మ బాగుండేది. దాన్ని చెరపకురా, ఉంచు" అన్నాడు. ఉంచాను.

ఆసుపత్రివాళ్ళు వచ్చిన రోజు ఆయనే ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు బయల్దేరాడు. డాక్టరమ్మ, ఆవిడ వెనక నలుగురు పెద్దలు, తెర ముందు కుర్చీలు. మామయ్య నడిచాడు. తెర మీద గీతల మనిషి కూడా కుడికాలు వేసి, ఎడమకాలి కోసం ఆగి, చెయ్యి బయటికి ఊపుతూ నడిచాడు. ఒక పెద్దాయన, "ఇది యంత్రం లోపం కాదని ఏమిటి నమ్మకం?" అన్నాడు. నాకంటే ముందే మామయ్య అందుకున్నాడు. "నమ్మకం కావాలా? చూడండి" అని ఈసారి కావాలని కుడికాలు ఈడ్చాడు. తెర మీద గీతల మనిషీ కుడికాలు ఈడ్చాడు. తర్వాత ఆ పెద్దాయన లోపలికి వచ్చినప్పటి నడకే నడిచాడు, బొజ్జ ముందుకు పెట్టి, పాదాలు పక్కలకి వేసి. తెర మీద గీతల మనిషికి బొజ్జ లేదు గానీ నడక ఆయనదే. ముందు నవ్వింది ఆ పెద్దాయనే. తర్వాత తన నడక కూడా తెర మీద చూపించమని ఆయనే లేచి నడిచాడు. ఆ తర్వాత ఎవరినీ కుర్చీల్లో కూర్చోబెట్టలేకపోయాం.

డాక్టరమ్మ మాత్రం మామయ్య మొదటి నడకనే మళ్ళీ మళ్ళీ వేయించి చూసింది. "బాబాయ్, మీ కుడికాలు రెండు కాళ్ళ చాకిరీ చేస్తోంది. అందుకే ఆ తుంటి ఏడుస్తోంది. ఇలాగే వదిలేస్తే మంచం పట్టేవారు" అంది. ఎడమ చెప్పు అడుగుభాగం కాస్త ఎత్తు చేయించమని చెప్పి, కొన్ని వ్యాయామాలు రాసింది. ఆపరేషన్ అక్కర్లేదట. మన హాలు లాంటివి తమ ఆసుపత్రులన్నిటిలోనూ పెడతామని ఆ బొజ్జ పెద్దాయన పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఊపి మరీ చెప్పాడు. నేను మూడు ముక్కలు కూడా అనలేకపోయాను. గీతలమ్మ కళ్ళు తుడుచుకుంటూ నా తరఫున మాట్లాడింది.

దీపాన్ని చూసి వైరు తేడా నేర్చుకునే ఈ పద్ధతి మాకంటే ముందు ఎవరూ వాడలేదని తేలింది. దాన్ని కనిపెట్టినవాళ్ళుగా పేటెంటుకి ముగ్గురి పేర్లు పంపుతున్నాం. గీతలమ్మది, నాది, నీది. "నాకు నీ వైర్ల గొడవ అర్థం కాదు" అని నువ్వు రాసిన ఉత్తరం చదివి గీతలమ్మ, "ముందు ఆవిడ పేరే రాయండి" అంది. వర్క్‌షాపులో ఆ దీపాన్ని క్రేనమ్మ అనే పిలుస్తున్నాం. పొద్దున్నే "క్రేనమ్మని వెలిగించావా?" అంటారు. నువ్వు ఇక్కడే ఉన్నట్టుంది.

నిన్న కొత్త చెప్పు వచ్చింది. మామయ్య హాల్లో నడిచాడు. ఎడమకాలు ఇంకా ఆలస్యంగానే వస్తోంది, పెళ్ళికొడుకు నడక కాదు. తెర దగ్గర నిలబడి చాలాసేపు చూసి, "ఇది పంపరా దానికి. అసలుది" అన్నాడు. ఈ ఉత్తరం నీకు చేరేలోపు ఫోన్లో వస్తుంది. వచ్చినా నేను చెప్పేదాకా చూడొద్దని నిన్న ఫోన్లో అందుకే అన్నాను.

ఇప్పుడు చూడు. కాలు చూడకు. చెయ్యి చూడు.

ఎంత మాట్లాడినా నీ
మూడుముక్కలాయనే