ఆదివారం వస్తానన్న మనిషి

అమ్మాయీ, నేను కులాసా.

ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో ఆదివారం వచ్చి చూపిస్తానని మీ మందుల షాపు మామయ్య మీ అమ్మకి మాటిచ్చి పదకొండేళ్లయింది. రాలేదు. ఆవిడ తనకి తోచినట్టే పీల్చుకుంటూ ఆ ఆయాసంతోనే పోయింది.

ఇప్పుడు నాకూ ఆయాసమే. పోయిన నెల ఆసుపత్రిలో నేను ఇన్‌హేలర్ పీల్చడం చూసి నర్సు నవ్వింది. "తాతగారూ, మందంతా నాలుకకే తినిపిస్తున్నారు! ముందు ఊపిరంతా వదలండి. నొక్కుతూ మెల్లగా లోపలికి లాగండి. పది లెక్కపెట్టేదాకా బిగబట్టండి" అంది. బీరువాల కొద్దీ పుస్తకాలు చదివినవాణ్ణి, మీ అమ్మ రోజుల నుంచీ మందు డబ్బాలోని కాగితం మడతైనా విప్పలేదు. ఇప్పుడు రోజూ అద్దం ముందు సాధన చేస్తున్నాను. మేడమెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను.

నీ కూతురికీ ఇన్‌హేలర్ ఇచ్చారన్నావుగా, నీ ఎదుటే పీల్చి చూపించమను. "నాకొచ్చులేవే అమ్మా" అంటే నమ్మకు. పీల్చాక నోరు పుక్కిలించాలి. వంటింటి కిటికీ బాగు చేయించావా?

మామయ్యకీ ఆయాసం మొదలైందని రాశావు. ఈ ఆదివారం నేనే వెళ్లి నేర్పుతాను, సరిగ్గా పీల్చేదాకా కదలను. ఆశీస్సులు మాత్రం మీ ఇంట్లోవాళ్లకే. మీ అమ్మ విషయంలో నేనిప్పటికీ తప్పుపట్టేది ఆ మందుల షాపు మామయ్యనే.

మీ నాన్న