రెండు నీళ్ళు

ఆగస్టు 3, 2009. సోమవారం

జేబు చూడలేదు.

ఆస్పత్రి లాండ్రీలో ఉన్నంతకాలం జేబు చూడకుండా ఒక్క కోటు కూడా నీళ్ళలో వెయ్యలేదు. పెన్నులు, థర్మామీటర్లు, ఒకసారి ఒక డాక్టరమ్మ ఉంగరం, అన్నీ నా చేతికి దొరికినవే. ఈరోజు ఇంట్లో మా ఆవిడ కృపమ్మ ఏప్రాన్ సబ్బునీళ్ళలో నానబెట్టాను. ఫోను అందులోనే ఉంది.

బకెట్ అడుగున ఇంకా వెలుగుతూ కనిపించింది. తీసి తుడిచి ఎండలో పెట్టాను.

సాయంత్రం నాలుగింటికి అది మోగలేదు. కృపమ్మ టీ పెట్టలేదు. వాకిట్లో నిలబడే ఉంది. డ్యూటీ దిగే వేళకి తరువాతి నర్సు రాకపోతే అలాగే నిలబడేది.

ఆగస్టు 4

ఫోను వెలిగింది. తెర సగం నలుపు. చార్జరు పీకితే కాసేపటికే ఆరిపోతోంది.

కృపమ్మ ముప్పై ఏళ్ళకి పైగా నర్సు. రెండేళ్ళ కింద డాక్టరు మతిమరుపు జబ్బు అని చెప్పాడు. ఇక పెరగడమే గాని తగ్గదన్నాడు. ఆమె ఏడవలేదు. ఆ వారమే మా అమ్మాయి లిడియా చేత ఈ స్మార్ట్‌ఫోన్ తెప్పించుకుంది. మంచం మీద కూర్చుని కేలండర్‌లో అన్నీ తనే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంది. షుగర్ మాత్ర వేసుకో. స్టవ్ ఆర్పు. స్నానం చెయ్యి. ప్రతిదానికీ ఒక టైము పెట్టింది, రోజూ మోగేటట్టు. కాంటాక్ట్స్‌లో ప్రతి మనిషి పేరు పక్కన వాళ్ళెవరో రాసుకుంది.

నేను చెప్తాను కదా, ఇదంతా ఎందుకన్నాను.

"రేపు నేను ఎవురి మాటా ఇనను దాసూ. నా మాటే ఇంటా. అందుకే నేనే రాసి పెడతా ఉండా."

అలాగే అయింది. నేను మాత్ర ఇస్తే ఉమ్మేస్తుంది. ఫోను మోగితే చదువుకుని వేసుకుంటుంది. నిన్నటి నుంచి ఆ తెర సగమే కనిపిస్తోంది. పూర్తిగా పోతే మాత్ర లేదు. అంతకంటే ఆలోచించలేకపోయాను.

ఆగస్టు 5

లిడియాకి చెప్పాను. మారతహళ్ళిలో ఒక ఆస్పత్రిలో ఆమె కూడా నర్సే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తన పాత ఫోను పంపుతానంది. అమ్మ ఫోనులోని కాంటాక్ట్స్, కేలండర్ మొత్తం కంప్యూటర్‌లోకి సింక్ చెయ్యాలట. అక్కడి నుంచి తను పంపే ఫోనులోకి మళ్ళీ సింక్ చెయ్యాలట. నాకు అర్థం కాలేదు. సరే అన్నాను. చేతితో రాస్తే పోదా అని అడిగాను. ఎవరు రాస్తారు నాయనా అంది. నాకు ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టడం వచ్చు, అదీ దుప్పట్ల మీద వార్డు గుర్తులు చూసి చూసి. రాయడం రాదు. పైగా అవి ఆమె మాటలు. ఇంకొకరు రాస్తే ఆమె కనిపెడుతుంది.

ఫోను పెట్టేసే ముందు ఇంకో మాట అంది. ఇది కుదరకపోతే అమ్మని నా దగ్గరికి తెచ్చుకుంటా నాయనా అంది.

వాళ్ళది ఒక్క గది ఇల్లు. అత్తామామలు, ఇద్దరు పిల్లలు. నాకు చోటు లేదని ఆమె అనలేదు.

ఆగస్టు 6

చిక్కపేట దాటి ఆ పక్క వీధుల్లో తిరిగాను. బ్యాటరీ దొరికింది. వేసినా అంతే, లోపల తడి తగిలిందట. ఒక షాపతను సింక్ చేసే సాఫ్ట్‌వేర్ చూపించాడు. ట్రయల్ వెర్షన్ అట. మొదటి కొన్ని పేర్లు తీసుకుని ఆగిపోయింది. మిగతా వాటికి కార్డు పెట్టమంది. నా దగ్గర ఉన్నది రేషన్ కార్డు.

బస్సులో ఫోను రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాను. ఇల్లు చేరేలోపల ఆరిపోయింది. చార్జరు పెడితే చాలాసేపటికి గాని వెలగలేదు. ఆ కాసేపు నేను ఎట్లా ఉన్నానో రాయలేను.

ఆగస్టు 8. శనివారం

అయింది.

మా కాడుగోడి స్టేషన్ రోడ్డులో నేత్రావతి బ్రౌజింగ్ సెంటర్. జెరాక్సు, లామినేషన్ అన్నీ ఆమే. కొప్పులో పెన్ను గుచ్చుకుని ఉంటుంది. బయట నిలబడి వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. ఆమే పిలిచింది. పొద్దున్నుంచి గోడకి కాపలా ఉండావు, లోపలికి రా పెద్దాయనా, బిల్లు వెయ్యనులే అంది.

చెప్పాను. ఎప్పుడూ అన్ని మాటలు ఒకేసారి మాట్లాడలేదు.

విని, దీనికి డబ్బెందుకు పారేసేది, ఫ్రీగానే అయితాది అంది. కేబులు గుచ్చింది. నెట్‌లో ఏదో దించింది. పేర్లన్నీ కంప్యూటర్ తెర మీదికి వచ్చాయి. ఆమె ఊరుకోకుండా పైకి చదవడం మొదలుపెట్టింది. నంజమ్మ, పాలామె, నీళ్ళు కలుపుతాది. గురుమూర్తి, ఇంటి ఓనరు, నవ్వితే నమ్మొద్దు. లిడియా, కూతురు, కోపం వస్తే ఎక్కువ ప్రేమ. సెంటర్లో ఉన్నవాళ్ళు కీబోర్డులు ఆపి వింటున్నారు. నేను నేల చూస్తున్నాను.

తరువాత నా పేరు వచ్చింది. ఆమె చదివి ఆగింది. కొంచెం మెల్లగా మళ్ళీ చదివింది.

దాసు. భర్త. మాట్లాడడు. ఉంటాడు.

ఎవరూ నవ్వలేదు. నేత్రావతి పెన్ను తీసి మళ్ళీ గుచ్చుకుంది.

కేలండర్ కూడా వచ్చింది. అంతా ఒక ఫైలు చేసి నిన్న లిడియా పంపించిన ఫోనులోకి ఎక్కించింది. పచ్చ గీత నిండింది. అయిపాయె అంది. ఎవరో జెరాక్సు అడిగితే లేచి వెళ్ళింది.

తెర మీద ఆమె నొక్కిన సింక్ బటన్ అలాగే ఉంది.

మా లాండ్రీలో రూలు ఒకటి. నెత్తురు, చీము అంటిన బట్టకి ఒక్క నీళ్ళు చాలవు. మొదటి నీళ్ళకి తెల్లగానే కనిపిస్తుంది. అయినా రెండో నీళ్ళు పెట్టాలి. కనిపించని మరక ఉంటుంది. నేను కొత్తగా చేరినప్పుడు మేస్త్రీ ఇది నేర్పించాకే జీతం ఇచ్చాడు.

ఇంత పని ఒక్కసారికే అయిపోతుందా అనిపించింది. బటన్ నొక్కాను. పచ్చ గీత మళ్ళీ నిండింది. మనసు నిమ్మళించింది. ఆమెకి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

దారిలో తడిసిన ఫోను ఆరిపోయింది. ఇక వెలగలేదు. ఇక అవసరం లేదనుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

నాలుగింటికి లిడియా పంపిన ఫోను మోగింది. కృపమ్మ చదువుకుంది. టీ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది. కేలండర్‌లో అలాగే రాసుకుంది. దాసుకి టీ ఇయ్యి, పక్కన కూర్చో.

నేను తాగాక మళ్ళీ లేచింది. ఇంకో కప్పు తెచ్చింది. మళ్ళీ కూర్చుంది.

ఇన్నేళ్ళలో రెండో కప్పు ఎప్పుడూ ఇవ్వలేదు. నా మీద ప్రేమ అనుకున్నాను. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఆగస్టు 9. ఆదివారం. పొద్దున

కృపమ్మ లేవడం లేదు.

ఆగస్టు 10

లిడియా పనిచేసే ఆస్పత్రిలో ఉన్నాం. ప్రాణం ఉంది.

నిన్న పొద్దున నీళ్ళ ట్యాంకరు వచ్చిందని బిందెలు తీసుకుని వీధిలోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆమె వంటగదిలో పడి ఉంది. ఒళ్ళంతా చెమట. పిలిస్తే పలకలేదు. గురుమూర్తి తన కారులో తెచ్చాడు. షుగర్ పూర్తిగా దిగిపోయిందట. గ్లూకోజు ఎక్కించారు. రాత్రికి కళ్ళు తెరిచింది.

లిడియా మాత్రల అట్ట చూసింది. ఫోను చూసింది. మాత్ర వేసుకో అని ఒకే టైముకి రెండుసార్లు ఉంది. మొదటిది ఆపితే వెనకాలే రెండోది మోగుతుంది. అన్నీ అలాగే ఉన్నాయి. స్నానం రెండు. స్టవ్ రెండు. టీ రెండు.

రెండు మాత్రలు ఎందుకేసుకున్నావని తల్లిని అడిగింది. కృపమ్మ నీరసంగా ఉన్నా గట్టిగానే చెప్పింది.

"చార్టులో రెండు మార్లు రాసుంటే రెండు మార్లు ఇయ్యాల. ఎందుకని అడగాల్సింది డాక్టర్ని. నర్సుని కాదు."

లిడియా నా వైపు తిరిగింది. బటన్ రెండోసారి నొక్కింది నేనే అని చెప్పాను. రెండు నీళ్ళ సంగతి చెప్పాను. నేత్రావతిని ఏమీ అనొద్దన్నాను. ఆ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ముందే ఉందా లేదా అని చూడదట. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు చేరుస్తుందట.

"నాయనా, ఇది బట్ట కాదు" అంది.

ఫోను ఆపి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. శుక్రవారం డిశ్చార్జి. నేరుగా తన ఇంటికి తీసుకుపోతానంది. నేను సరే అన్నాను.

ఆగస్టు 12

ఫోను మోగనందుకు కృపమ్మ ఏమీ తీసుకోవడం లేదు. మాత్ర లేదు, అన్నం లేదు. నర్సులు బతిమాలుతున్నారు. లిడియా బతిమాలింది. పెదాలు బిగించి తల అడ్డంగా ఊపుతుంది. ఈసారి షుగర్ పైకి పోతోంది. ఇన్సులిన్ పొడవడానికి ఇద్దరు చేతులు పట్టుకున్నారు. ఆమె అరవలేదు. తప్పు చేస్తా ఉండారు, ఆర్డరు లేకుండా చేస్తా ఉండారు అని మెల్లగా చెబుతూనే ఉంది.

నేను బయటికి వచ్చేశాను.

తరువాత లోపలికి వెళ్తే నన్ను దగ్గరికి రమ్మంది. అన్నా, చార్టు ఎవురు ఎత్తుకపోయినారు అని అడిగింది. వార్డుబాయి అనుకుంది.

లిడియా కారిడార్‌లో గోడకి ఆనుకుని ఏడ్చింది. ఈ పేషెంట్ నా ఇంట్లో అయినా ఇంతే కదా నాయనా అంది. ఫోను నా చేతిలో పెట్టింది. రెండేసి ఉన్నవాటిలో ఒక్కొక్కటి తీసెయ్యాలి. తనకి చేతులు ఆడటం లేదంది.

కాడుగోడికి వెళ్ళాను. నేత్రావతి షటర్ దించి ఉంది. కోలారు పక్క వాళ్ళ ఊర్లో జాత్ర అట. సోమవారానికి గాని రాదు. మారతహళ్ళిలో ఇంకో సెంటర్‌కి పోయాను. అక్కడివాళ్ళు అన్నీ చెరిపి మొదటి నుంచి పెడదామన్నారు. ఫోను లాక్కుని వచ్చేశాను. మొదలంటూ ఎక్కడుంది. తడిసిన ఫోను చచ్చిపోయింది.

ఆగస్టు 13

నేనే చేశాను.

వార్డు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఒకటి తెరిచి డిలీట్ నొక్కితే ఫోను అడుగుతుంది. ఈ ఒక్క రోజుదా, అన్ని రోజులవా అని. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. మొదట కిటికీలు మూసుకో అన్నది తీశాను. నొక్కింది సరిగ్గా పడలేదేమోనని మళ్ళీ నొక్కాను. రెండూ పోయాయి.

మళ్ళీ అదే తప్పు. నా చెయ్యి నాకే అసహ్యం వేసింది.

ఆ మాట ఆమె రాసుకున్నది. ఇక రాదు. కిటికీలు నేను మూస్తాను.

ఫోను ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేశాను. ప్రభువా, ఒక్కసారే నొక్కనీ అన్నాను. అంతే.

తరువాత ఒక్కొక్కటే. నొక్కాక చెయ్యి వెనక్కి కట్టుకున్నాను. స్నానం. స్టవ్. తల దువ్వుకో. షుగర్ మాత్ర దగ్గర లిడియాని పిలిచి పక్కన నిలబెట్టుకున్నాను. నొక్కాను. ఒకటి పోయింది. ఒకటి ఉంది. ఇద్దరం చాలాసేపు ఆ ఒక్కదాన్నే చూశాం.

పేర్లు కూడా రెండేసి. నంజమ్మలో ఒకరిని తీశాను. గురుమూర్తిలో ఒకరిని. దాసులు ఇద్దరున్నారు. ఒకణ్ణి తీసేశాను.

నాలుగింటి టీ ఒక్కటి రెండుగానే వదిలేశాను. అది మందు కాదు. రెండుసార్లు పక్కన కూర్చుంటే ఎవరికి నష్టం. లిడియాకి చెప్పలేదు.

ఆగస్టు 14. శుక్రవారం

మోగింది. ఒక్కసారే మోగింది. కృపమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చెయ్యి చాచింది. లిడియా మాత్ర పెట్టింది. మింగింది.

ఆటోలో ఎక్కించేటప్పుడు లిడియా డ్రైవరుకి కాడుగోడి అని చెప్పింది. నేను విననట్టే ఉన్నాను. ఆదివారాలు వస్తానంది. ఇంకోసారి ఇట్లాంటిది జరిగితే మాత్రం తన మాటే నెగ్గాలంది. సరే అన్నాను. ఈసారి అర్థమై అన్నాను.

ఆగస్టు 19

నేత్రావతి దగ్గరికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలిపోయింది. నేను లేచి పోకుండా ఉండాల్సింది పెద్దాయనా అంది. తప్పు నాది అన్నాను. ఆ రోజు ఫైలు దాచలేదట, అంతా ఇంకోసారి కంప్యూటర్‌లోకి సింక్ చేసి ఈసారి దాచింది. అయిందా అని నేను అడగలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. చూసి నవ్వింది.

ఇంట్లో రెండు టీలు జరుగుతున్నాయి. మొదటి కప్పుకి దాసూ అంటుంది. రెండో కప్పుకి ఊరికే కూర్చుంటుంది. బాగుంది.

సెప్టెంబర్ 13

కిటికీలు మూశాను. ఎవురు నువ్వన్నా అని అడిగింది.

సెప్టెంబర్ 27. ఆదివారం

నాలుగింటికి మోగింది. టీ తెచ్చి ఇచ్చింది. పక్కన కూర్చుంది.

మళ్ళీ మోగింది. చదువుకుంది. ఇంకో కప్పు తెచ్చింది. చెయ్యి చాచాను. ఇవ్వలేదు. మూత పెట్టింది.

ఇది దాసుకి, ఇంకా రాలేదు అంది.

వస్తాడులే అన్నాను.

చీకటి పడేదాకా ఇద్దరం వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాం.