ముప్పై ఎనిమిదిన్నర

ప్రియమైన చెల్లికి,

ఈ ఉత్తరం చూడగానే చించేద్దామనుకుంటావు. చించే ముందు ఒక్కసారి చదువు. నీ గొంతు విని ఏడు నెలలైంది. మూడుసార్లు ఫోన్ చేశాను, నువ్వు తీయలేదు. నీ స్థానంలో నేనున్నా తీసేదాన్ని కాదు.

ఆ రోజు మీ ఇంట్లో నేనన్న మాట నాకు గుర్తుంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు నలుగురు కూర్చుని ఉండగా, నీ కుక్క నా ఒళ్ళో తడిపేసిందని లేచి, "కూర్చున్న చోటే పోసుకునే బతుకూ ఒక బతుకేనా? ఒక సూది వేయించి పడెయ్, దానికీ సుఖం నీకూ సుఖం" అన్నాను. కోర్టులో ఇరవై ఆరేళ్ళుగా అందరి మాటలూ పొల్లుపోకుండా టైపు చేస్తున్నాను. నా మాట కూడా పొల్లుపోకుండానే రాశాను, చూడు.

మీ బావ బాగానే ఉన్నారు. నాకు నాలుగు నెలల కిందట ఆపరేషన్ అయింది, గర్భసంచి తీసేశారు. ఇప్పుడు ఆఫీసుకి వెళ్తున్నాను.

ఒక చిన్న సంగతి. గుండీకి (అదే కదా దాని పేరు?) రోజుకి ఎన్నిసార్లు గుడ్డ మారుస్తావు? ఊరికే అడుగుతున్నా.

మాట జారిన
నీ అక్క

*

అక్కా,

"ప్రియమైన" అని రాయడానికి కలం ఇంకా మొరాయిస్తోంది.

ఆపరేషన్ సంగతి పక్కింటావిడ సంగతిలా ఒక్క ముక్కలో రాసి పారేశావు. నాలుగు నెలల తర్వాతా నాకు చెప్పేది? నేను ఫోన్ తీయకపోతే బావ చేత చేయించొచ్చుగా! తోడబుట్టినదాన్ని, నాకు కోపం వస్తుంది గానీ చెవుడు రాలేదు.

అడిగావు కాబట్టి చెబుతాను. రోజుకి ఐదు గుడ్డలు. లారీ గుద్ది నడుం విరిగిన దగ్గర్నుంచి గుండీకి వెనక కాళ్ళు ఉన్నా లేనట్టే, ఒంటికి వచ్చేదీ తెలియదు. పొద్దున్నే కుట్టుమిషను పక్కన పాత దుప్పటి మీద పడుకోబెట్టి, పొట్ట రెండువైపులా అరచేతులతో మెల్లగా నొక్కితే ఉన్నదంతా బేసిన్‌లోకి వస్తుంది. ఇలా మూడు పూటలా. ఇంత చేసినా మధ్యమధ్యలో కారుతూనే ఉంటుంది. తర్వాత సైకిల్ షాపాయన చేసిచ్చిన రెండు చక్రాల బండి కడతాను. బండి కట్టాక అది కుక్క కాదు, రైలింజను. నిన్న ఒకాయన పాదం మీదుగా పోనిచ్చింది.

మిగతా ఇద్దరి సంగతీ నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. తాతగారికి పళ్ళన్నీ పోయాయి. తొమ్మిదేళ్ళ కుక్కని ఎవరూ తీసుకోరని షెల్టర్ నుంచి తెచ్చాను. ఇప్పుడు ఇల్లు ఆయనది, నేను అద్దెకున్నాను. గయ్యాళి మాత్రం గుండీకి కాపలా. దాని గుడ్డ చూసి ఎవరైనా ముక్కు మూసుకుంటే, వాళ్ళ చెప్పు ఒకటి మాయం.

ఆరోగ్యం జాగ్రత్త.

చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తాతగారి దగ్గర నవ్వాను కూడా. ఈ మధ్య నవ్వాలన్నా భయంగానే ఉంటోంది.

మా ఆఫీసులో ఒకావిడ ఉంది. ఆవిడ కుక్కకీ ఇదే బాధ. పెద్ద కుక్క. కాళ్ళు బాగానే ఉన్నాయి గానీ ఆపుకోలేదు. దగ్గినా తుమ్మినా కారిపోతుంది. ఎవర్నీ అడగలేక ఆవిడ కుమిలిపోతోంది. అందుకని ఆవిడ తరఫున అడుగుతున్నా. గుడ్డ పైకి కనపడకుండా కట్టొచ్చా? వాసన పక్కవాళ్ళకి తెలుస్తుందా? తొడల దగ్గర ఒరుసుకుపోతే ఏం రాయాలి? మూడు గంటలు కదలకుండా కూర్చోవాలంటే ఎన్ని మడతలు కావాలి?

ఇంకొకటి. ఇది ఆవిడ అడగలేదు, నేనే అడుగుతున్నా. గుండీకి సిగ్గేస్తుందా?

నీ అక్క

*

అక్కా,

నా కుక్క గురించి ఇన్ని ప్రశ్నలు ఇంతవరకూ ఒక్క మనిషి అడగలేదు. వచ్చినవాళ్ళందరికీ "మా అక్క మారిపోయింది" అని చాటింపు వేస్తున్నాను.

మీ ఆఫీసావిడకి చెప్పు. లోపల నాలుగు మడతల తువాలు గుడ్డ, దాని కింద నీళ్ళు దిగని పలచటి గుడ్డ, పైన మెత్తటి నూలు. పక్కన వెల్క్రో. తడిసిన గుడ్డ వెంటనే మార్చి, ఉతికే నీళ్ళలో కాస్త వెనిగర్ పోస్తే వాసన నిలవదు. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్ళీ కట్టాలి. ఒరుసుకుపోయిన చోటికి మా డాక్టరిచ్చిన తెల్ల ఆయింట్‌మెంటు ఒక ట్యూబు పంపుతాను. అంత పెద్ద కుక్కని మూడు గంటలు కదలకుండా కూర్చోబెట్టడం దేనికో నాకర్థం కాలేదు, పాపం.

సిగ్గంటావా... వచ్చిన కొత్తల్లో తడిపినప్పుడల్లా ముందుకాళ్ళతో ఈడ్చుకుంటూ మిషను కిందకి దూరి, గోడవైపు తిరిగి పడుకునేది. ముందు పెంచినవాళ్ళు కొట్టి ఉంటారు. నేనేమీ అనకుండా తుడుచుకుంటూ పోయాను. రెండు నెలలకి ఇటు తిరిగింది. ఇప్పుడు తడిపేసి, "ఏమ్మా, ఇంకా రాలేదే?" అన్నట్టు నా మొహంలోకి చూస్తుంది.

ఆవిడ కుక్కకి నేనే అరడజను కుట్టి పంపిస్తా. పొట్ట చుట్టుకొలత, తొడ చుట్టుకొలత రాయమను.

కాస్త మెత్తబడ్డ
నీ చెల్లి

*

చెల్లీ,

కొలతలివి. నడుము ముప్పై ఎనిమిదిన్నర. తొడ ఇరవై రెండు. రంగు నలుపైతే మంచిది. వీలైనంత త్వరగా పంపు, ఆవిడ చాలా ఇబ్బంది పడుతోంది.

పార్సిల్ మీద లోపల ఏముందో రాయకు. ఆఫీసుకి పంపకు. ఇంటికీ వద్దు, మీ బావ విప్పుతారు. పోస్టాఫీసులోనే ఉంచమను, నేను వెళ్ళి తీసుకుంటా.

అక్క

*

ప్రియమైన అక్కకి,

అరడజను కాదు, డజను కుట్టాను. అన్నీ నల్లవే.

నేను పొట్ట కొలత అడిగితే నువ్వు నడుము కొలత రాశావు. ముప్పై ఎనిమిదిన్నర. పోయినేడు "ఆ అర రాయకే, ముప్పై ఎనిమిదే రాయి" అని నా చేతిలో టేపు లాక్కున్నది ఎవరు? ఇరవై ఏళ్ళుగా నీ బట్టలు కుడుతున్నాను. మొహాలు మర్చిపోతానేమో గానీ కొలతలు మర్చిపోను.

ఆ అంకె చూడగానే ముందు నవ్వొచ్చింది. తర్వాత మిషను ఆపి, నీ ఉత్తరాలన్నీ తీసి వరసగా చదివాను. "దగ్గినా తుమ్మినా" దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు కనపడలేదు.

నువ్వొక్కదానివే సిగ్గుపడుతూ కూర్చోకు. నా దగ్గరా ఒకటుంది, ఎవరికీ చెప్పనిది. నువ్వు సూది మాట అనడానికి సరిగ్గా వారం ముందు, నేను గుండీని ఎత్తుకుని ఆ సూది కోసమే పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. పది రోజులుగా నిద్ర లేదు. ఆ పొద్దున అప్పగించాల్సిన బట్టల మీద తడిపేసింది. ఇక చాలనిపించింది. డాక్టరు భోజనానికి వెళ్ళారు, గంట ఆగమన్నారు. ఆ గంటా అది నా ఒళ్ళో గుర్రుపెట్టి నిద్రపోయింది. డాక్టరు వచ్చి "ఏంటమ్మా సమస్య?" అంటే, "గోళ్ళు కత్తిరించాలండీ" అన్నాను. కత్తిరించి పంపారు.

సరిగ్గా వారానికి నీ నోట ఆ మాట వినేసరికి, నా కడుపులోది ఎవరో నలుగురి ముందూ కక్కించినట్టయింది. ఈ ఏడు నెలలూ నీ మీద చూపించిన కోపంలో సగానికి పైగా నా మీదే అక్కా.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఆఫీసావిడ వద్దు. నువ్వే రాయి.

నీ చెల్లి

*

చెల్లీ,

అవును, నేనే.

ఆపరేషన్ అయిన మూడో వారం నుంచి మొదలైంది. డాక్టరమ్మ మళ్ళీ రమ్మంది, వెళ్ళలేదు. మీ బావకి నడుంనొప్పని చెప్పి పక్కగదిలో చాప మీద పడుకుంటున్నాను. ఆయన నిద్రలేవక ముందే దుప్పటి ఉతికేస్తాను.

కానీ నీకు చెప్పాల్సింది ఇది కాదు.

మా కోర్టు వరండాలో ఒక కుక్క ఉండేది. జడ్జిగారు వస్తుంటే ఆయనకంటే ముందు నడిచేదని అందరం దాన్ని బంట్రోతు అనేవాళ్ళం. నా టేబులు కింద నా చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకునేది. ఒకరోజు ఒక సాక్షి మూడు గంటలు చెప్పాడు. నేను లేస్తే రికార్డు ఆగిపోతుంది, లేవలేను. జడ్జిగారు దిగి వెళ్ళాక చూసుకుంటే కుర్చీ తడి, కింద నేల తడి. అటెండరు వచ్చి, "ఇదేంటమ్మా?" అన్నాడు. ప్లీడర్లు వెనక్కి తిరిగారు. నా కాళ్ళ దగ్గర బంట్రోతు తోకాడిస్తోంది.

"ఇదిగో, ఈ దరిద్రమే. ఎన్నిసార్లు చెప్పినా లోపలికి రానిస్తారు!" అని కేకేశాను.

కుక్క చేస్తే కుర్చీ ఎలా తడిసిందని ఎవరూ అడగలేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న స్టెనోకి అడ్డుప్రశ్న ఎవరు వేస్తారు? మధ్యాహ్నానికి కుక్కలు పట్టేవాళ్ళ బండి వచ్చింది. బంట్రోతు పారిపోలేదు చెల్లీ. జడ్జిగారి ముందు నడిచినట్టే వాళ్ళ ముందు తల ఎత్తుకుని నడిచింది, బండి దాకా. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. మెట్లు దిగి ఒక్క మాట అంటే సరిపోయేది. దిగలేదు.

నీకు మొదటి ఉత్తరం రాసింది ఆ మర్నాడే. గుడ్డల కోసం రాశాననుకున్నాను. కాదేమో.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం ముందు విసిరికొట్టాను. చాలాసేపటికి గానీ తీసుకోలేదు.

పట్టుకెళ్ళిన కుక్కల్ని ఊరి బయట దొడ్డిలో ఉంచుతారు. తాతగారిని నేను తెచ్చింది అలాంటి చోటు నుంచే. వెళ్ళి అడుగు. నేను తోడు రాను. వస్తే నువ్వు నా వెనక నిలబడతావు.

అట్నుంచి అటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. నల్లవి కట్టుకుని వెళ్ళు, నాలుగు గంటలు ఆగుతాయి.

చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

వెళ్ళాను.

దొడ్డిలో ఒకావిడ రిజిస్టరు తిప్పి, "కోర్టు హాల్లో మూత్రం పోసిందని పట్టిచ్చారు" అని చదివింది. "అది కాదండీ, పోసింది నేను" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "అయితే ఇది కొట్టేయాలిగా" అని ఆ లైను మీద ఎర్ర సిరాతో గీత గీసింది.

బంట్రోతు చివరి గదిలో ఉంది. పక్క కుక్కలు కరిచి ఒక చెవి సగం పోయింది. నన్ను గుర్తుపట్టి తోకాడిస్తుందనుకున్నాను. గుర్తుపట్టింది. లేచి మూలకి వెళ్ళిపోయింది.

ఆటోలో ఇంటికి తెచ్చాను. కుక్కనీ నన్నూ చూసి మీ బావ తలుపు దగ్గరే ఆగిపోయారు. అన్నీ చెప్పేశాను. "అదా! నా మీద అలిగి చాప వేసుకున్నావనుకుని, ఏం తప్పు చేశానా అని ఇన్నాళ్ళూ బుర్ర బద్దలుకొట్టుకుంటున్నానే" అన్నారు. నా చాప ఆయనే చుట్టి అటక మీద పెట్టేశారు.

మర్నాడు జడ్జిగారికి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "గంటకోసారి పది నిమిషాలు విరామం ఇద్దాం. నాకూ షుగరుంది" అన్నారు. అటెండరుకి చెప్పడం అంతకంటే కష్టమైంది. బంట్రోతుకి రోజూ బిస్కెట్లు పెట్టేది అతనే. ఆ రోజు నుంచి నా టేబులు మీద మంచినీళ్ళు పెట్టడం మానేశాడు. నేనే వెళ్ళి తెచ్చుకుంటున్నాను. పెట్టమని అడిగే మొహం నాకు లేదు.

డాక్టరమ్మ తిట్టింది. మూడు నెలలు వ్యాయామాలు చేయమంది, తగ్గకపోతే చిన్న ఆపరేషనట. ఎంతోమందికి ఉంటుందట, ఎవరూ నోరు విప్పరట. నీ గుడ్డలు చూసి, ఎవరు కుట్టారని అడిగింది.

బంట్రోతు మీ బావ చేతిలోంచి తింటుంది, నా చేతిలోంచి తినదు. నేను గదిలో ఉంటే గిన్నె ముట్టదు. అందుకని గిన్నె పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి తలుపు వెనక నిలబడతాను. పదకొండు రోజులు అలాగే గడిచాయి. నిన్న గిన్నె పెట్టి వస్తుంటే, నేనింకా గుమ్మం దాటకముందే వెనక నాలుక చప్పుడు వినిపించింది. తిరిగి చూడాలనిపించింది. చూస్తే మానేస్తుంది. అక్కడే, గుమ్మంలోనే, దానికి వీపు పెట్టి, గిన్నె ఖాళీ అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాను.

నీ అక్క